తీపికి ఒక వేళ



ఇంకా తల్లి పాలు కూడా తాగని పసికందు నాలుక మీద ఒక్క చుక్క తీపి నీళ్లు వేస్తే ఆ మొహం విచ్చుకుంటుంది. బిడ్డ పెదవులు చప్పరిస్తుంది. అదే నాలుక మీద చేదు చుక్క పడితే మొహం చిట్లించి, నోరు తెరిచి, దాన్ని బయటికి నెట్టేయాలని చూస్తుంది. జాకబ్ స్టైనర్ అనే శాస్త్రవేత్త 1970లలో అప్పుడే పుట్టిన బిడ్డల మొహాలు రుచికి ఎలా మారతాయో ఇలాగే ఫొటోలతో చూపించారు. ఉప్పు మీద ఇష్టం పుట్టిన కొన్ని నెలలకు కలుగుతుంది. కారం మీద ఇష్టం మనం అలవాటు చేస్తే వస్తుంది. తీపి మీద ఇష్టాన్ని మాత్రం మనిషి పుట్టుకతోనే తెచ్చుకుంటాడు.

తీపి విషయంలో మనం పిల్లల్ని చాలా మాటలంటాం. వీడికి తీపి పిచ్చి అంటాం, నోరు కట్టుకోలేడంటాం, డబ్బాలో చెయ్యి పెట్టాడని నలుగురిలో నిలదీస్తాం. ఆ మాటలు పిల్లలకు న్యాయం కావు. పిల్లల తీపి మోజు ఏ కాలంలోనైనా ఉన్నదే. మన కాలంలో మారిపోయింది తీపి వచ్చే వేళ. ఒకప్పుడు తీపికి ఒక రోజు ఉండేది. ఇప్పుడు ప్రతి రోజూ, ప్రతి పూటా, అసలు ప్రతి గంటా తీపిదే అయిపోయింది. తీపిని పిల్లల నుంచి లాక్కోనక్కర్లేదు, దాని వేళ దానికి తిరిగి ఇస్తే చాలు. ఇవాళ నేను మీతో చెప్పదలచుకున్నది ఇదే.

ముందు పిల్లల ఒంటి సంగతి చూద్దాం. తల్లిపాలలో ఏడు శాతం దాకా లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. అంటే బిడ్డకు మొదటి ఆహారమే తియ్యనిది. అడవుల్లో తిరిగిన మన పూర్వీకులకు తీపి అంటే పండిన పండు, తినడానికి పనికొచ్చేది, బలాన్నిచ్చేది అని గుర్తు. చేదు అంటే విషం ఉందేమో చూసుకోమని హెచ్చరిక. ఆ గుర్తులు మన నాలుకలో ఇంకా అలాగే ఉన్నాయి. ఆసుపత్రుల్లో పురిటి బిడ్డ మడమ మీద సూది గుచ్చి రక్తం తీసే ముందు నాలుక మీద కొద్దిగా పంచదార ద్రావణం వేస్తారు. బిడ్డ ఏడుపు తగ్గుతుంది. తీపి అంత చిన్న ఒంట్లోనే నొప్పిని మరపిస్తుందన్నమాట.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మోనెల్ అనే పరిశోధన కేంద్రం ఉంది. రుచి, వాసన, ఇవే వాళ్ల చదువు. జూలీ మెనెల్లా అనే శాస్త్రవేత్త అక్కడ పిల్లలకూ పెద్దలకూ రకరకాల పాళ్లలో తీపి నీళ్లు ఇచ్చి చూశారు. పెద్దలు ఇక చాలు, మరీ వెగటుగా ఉందనే పాకం పిల్లలకు హాయిగా ఉంది. ఎముకలు ఎదిగే వయసులో ఈ ఇష్టం ఎక్కువగా ఉండి, కౌమారం ముగిసే నాటికి తగ్గుతూ వస్తుంది. ఎదిగే ఒళ్లు శక్తిని వెతుక్కుంటుంది. అందుకే మీ అబ్బాయి మూడో లడ్డు కూడా ఇష్టంగా తినగలడు, మీరు ఒకటిన్నర దగ్గరే ఆగిపోతారు. అది వాడి వయసు లక్షణం.

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాం. సంక్రాంతికి అరిసెలు వండే ఇల్లు ఒకసారి తలుచుకోండి. కొత్త బియ్యం నానబోసి, నీళ్లు వంపేసి, తడి ఆరకుండానే దంచి జల్లెడ పడతారు. పొయ్యి మీద గిన్నెలో బెల్లం కరుగుతుంటుంది. ముందు నురగ పొంగుతుంది. తర్వాత బుడగలు చిన్నవవుతాయి, గరిటె బరువెక్కుతుంది. అప్పుడు అమ్మమ్మ ఒక పళ్లెంలో చన్నీళ్లు పోసి, అందులో రెండు చుక్కల పాకం వేసి, వేలితో దగ్గరికి తీస్తుంది. జారిపోయిందా, ఇంకా రాలేదు. మెత్తగా ఉండకట్టి నిలిచిందా, పాకం వచ్చినట్టే. లేతపాకమైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదురుపాకమైతే గట్టిపడుతుంది. పళ్లెంలో నిలిచిన ఆ చిన్న ఉండ పొయ్యి చుట్టూ చేరిన పిల్లల్లో ఒకరికి దక్కేది. పాకంలో పిండి పోసి కలిపాక తలా ఒక చలిమిడి ముద్ద. నూనెలోంచి తీసిన అరిసెను చెక్కల మధ్య పెట్టి వత్తాక, మొదటిది దేవుడికి. అంతవరకూ పిల్లలు ఆగాలి. ఆగేవాళ్లు. ఎందుకంటే దేవుడి తర్వాత వంతు తమదేనని వాళ్లకు తెలుసు.

మన ఏడాది అంతా ఇలాగే నడిచేది. ఉగాదికి బొబ్బట్లు, శ్రీరామనవమికి పానకం, వినాయక చవితికి ఉండ్రాళ్లు, నాగుల చవితికి చిమ్మిలి, రథసప్తమికి చిక్కుడాకుల్లో పరమాన్నం. తెలంగాణలో సద్దుల బతుకమ్మకు మలీద ముద్దలు, రంజాన్ పండుగకు షీర్ ఖుర్మా, క్రిస్మస్‌కు గులాబీ పువ్వులు, కేకు. సీమంతానికి చలిమిడి, అమ్మాయి కాపురానికి వెళ్తుంటే సారెలో బిందెల కొద్దీ లడ్లు, మినపసున్నుండలు. ఊరికో తీపి కూడా ఉంది. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం మడతకాజా, బందరు లడ్డు, మాడుగుల హల్వా. ఆ ఊరు మీదుగా వెళ్లిన చుట్టం పొట్లం తెస్తేనే అది తినడం. బడి పిల్లలకైతే ఆగస్టు 15న జెండా ఎగరేశాక చేతిలో పడే చాక్లెట్టు. చిత్తూరులో 1952లో మొదలైన న్యూట్రిన్ వాళ్ల చాక్లెట్లు ఎన్ని బడుల్లో పంచి ఉంటారో! ఆ ఒక్క చాక్లెట్టు కాగితాన్ని మడిచి పుస్తకంలో దాచుకున్నవాళ్లు ఈ ప్రసంగం వింటూ ఉండే ఉంటారు.

మన దేశానికి తీపి కొత్త కాదు. చెరకు రసాన్ని కాచి పలుకుగా మార్చే విద్యలో లోకానికి దారి చూపింది మనమే. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో బెల్లం మొదలు ఖండశర్కర దాకా రకాలన్నీ వరుసగా ఉన్నాయి. 647లో చైనా చక్రవర్తి తైజాంగ్ మగధకు మనుషుల్ని పంపి మరీ చక్కెర చేసే పద్ధతి తెలుసుకు రమ్మన్నాడు. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. 1930లలో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. అదే దశాబ్దంలో అప్పటి విశాఖ జిల్లా ఏటికొప్పాకలో రైతులు సహకార పద్ధతిలో చక్కెర ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. అయినా చాలాకాలం పంచదార మామూలు ఇళ్లలో పొదుపుగా వాడే వస్తువే. రేషను కార్డు మీద తెచ్చుకున్న చక్కెరను డబ్బాలో పోసి, చుట్టాలొస్తే కాఫీకని దాచేవాళ్లు. మన పెద్దలు ఏదో నిగ్రహం ఉన్న మహానుభావులని కాదు. తీపి అంతకు మించి దొరికేది కాదు. దొరకకపోవడమే మనకు కాపలాగా ఉండేది. ఆ కాపలా ఇప్పుడు లేదు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ చక్కెర వాడే దేశం ఇవాళ మనదే.

ఈ కాలపు పిల్లవాడి రోజు చూడండి. పొద్దున్నే పాలల్లో తియ్యటి పొడి. బ్రెడ్డు మీద జాము. బడికి వెళ్లేటప్పుడు సంచిలో క్రీము బిస్కట్లు. సాయంత్రం ఒక పళ్లరసం ప్యాకెట్టు. రాత్రి నూడుల్స్ మీద పోసుకునే టమాటా సాసులోనూ చక్కెరే. వీటిలో ఒక్కదాన్నీ ఇంట్లో ఎవరూ మిఠాయి అనుకోరు. చిన్న కూల్‌డ్రింకు సీసా ఒకటి చేతిలోకి తీసుకుని వెనకున్న సన్నటి అక్షరాలు చదవండి. కోలా రకాల్లో 100 మిల్లీలీటర్లకు 10, 11 గ్రాముల చక్కెర ఉంటుంది. 250 మిల్లీలీటర్ల సీసా అయితే సుమారు 26 గ్రాములు. చెంచాకు 4 గ్రాముల లెక్కన ఆరున్నర చెంచాలు. ఒక గ్లాసు మంచినీళ్లలో మీరే ఆరున్నర చెంచాల పంచదార వేసి, కలిపి, తాగి చూడండి. అంత తీపి సీసాలో తెలియకపోవడానికి కారణం దాని చల్లదనం, పులుపు, గ్యాసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన మాట ప్రకారం, పెద్దవాళ్లకు కూడా విడిగా కలిపే చక్కెర రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలు. ఒక్క సీసాతో ఆ రోజు లెక్క తీరిపోయింది.

బెల్లమైతే ఫరవాలేదు కదా, తేనె అయితే మంచిదే కదా అని అడుగుతారు. బెల్లంలో కొంచెం ఇనుము, ఇతర ఖనిజాలు ఉన్న మాట నిజమే. అయినా అందులో ఎక్కువ భాగం చక్కెరే. ఒంట్లోకి వెళ్లాక దాని పని కూడా చక్కెర పనే. తేనె ఏడాది లోపు బిడ్డకు అసలు నాకించకూడదు. అందులో ఉండే కొన్ని సూక్ష్మజీవుల వల్ల పసిబిడ్డలకు బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. పుట్టగానే బిడ్డ నోట్లో వేయాల్సింది తల్లి ముర్రుపాలే.

ఇక, తీపి మనల్ని ఎలా పట్టుకుంటుందో చూద్దాం. నాలుక మీద తీపి తగలగానే మెదడులో డోపమిన్ అనే రసాయనం విడుదలవుతుంది. దీన్ని సుఖాన్నిచ్చే రసాయనం అని చాలామంది అంటారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ చేసిన పరిశోధనలు దీన్ని సరిచేశాయి. డోపమిన్ పని ప్రధానంగా సుఖాన్నివ్వడం కాదు, ఇంకా కావాలనిపించడం. రుచి వేరు, కోరిక వేరు. బిస్కట్ ప్యాకెట్టు విప్పినప్పుడు మొదటి బిస్కట్లో ఉన్న రుచి ఎనిమిదోదానిలో ఉండదు. అయినా చెయ్యి ఆగదు. అప్పుడు తింటున్నది రుచి కోసం కాదు, కోరిక కొద్దీ. ఇదంతా నాలుకతోనే అయిపోదు. ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో, పేగుల్లో కూడా చక్కెరను గుర్తుపట్టే కణాలున్నాయనీ, అవి నరాల ద్వారా మెదడుకు కబురు పంపుతాయనీ 2020లో తేలింది. కృత్రిమ తీపి నాలుకను నమ్మించినా ఆ పేగుల్ని నమ్మించలేకపోయింది.

అయితే చక్కెర మత్తుమందులాంటిదేనా? ఈ మాట జాగ్రత్తగా చెప్పాలి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో బార్ట్ హోబెల్, నికోల్ అవీనా ఎలుకల మీద పనిచేశారు. రోజులో సగంసేపు తిండి లేకుండా ఉంచి, ఆ తర్వాత తీపి నీళ్లు పెడితే, ఎలుకలు ఆబగా తాగడం మొదలుపెట్టాయి. కొన్నాళ్లకు వాటిలో మత్తుకు అలవాటుపడ్డ జంతువుల లక్షణాలు కొన్ని కనిపించాయి. కానీ ఎప్పుడు కావాలంటే అప్పుడు తీపి అందే ఎలుకల్లో ఆ లక్షణాలు రాలేదు. మనుషుల విషయంలో చక్కెర వ్యసనాన్ని ఒక జబ్బుగా వైద్యశాస్త్రం ఇంకా ఒప్పుకోలేదు. కాబట్టి పిల్లల్ని తీపికి బానిసలని పిలవడం తప్పు. ఈ ప్రయోగంలో తల్లిదండ్రులు తీసుకోవలసిన మాట ఒకటుంది. ఆకలితో ఉంచి, ఆ ఆకలి మీద తీపి పెట్టకూడదు. బడి నుంచి నకనకలాడుతూ వచ్చిన పిల్లవాడి చేతికి ముందు ఇవ్వాల్సింది అన్నమో, అటుకులో, శనగలో, పండో. తీపి కడుపు నిండాకనే.

చిన్నతనంలో చక్కెర తగ్గితే ఏమవుతుందో చరిత్రలో ఒక పెద్ద రుజువు దొరికింది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ చక్కెరకు రేషను పెట్టింది. యుద్ధం ముగిశాక కూడా ఏళ్ల తరబడి అది సాగింది. 1953 ఫిబ్రవరిలో మిఠాయిల మీద, అదే ఏడాది సెప్టెంబరులో చక్కెర మీద రేషను ఎత్తేశారు. వాడకం రోజుకు సుమారు 40 గ్రాముల నుంచి 80 గ్రాములకు, అంటే దాదాపు రెట్టింపైంది. రేషను ఎత్తేయడానికి ముందూ వెనకా పుట్టిన 60 వేల మందికి పైగా మనుషుల ఆరోగ్య వివరాలను పరిశోధకులు పోల్చి చూసి, 2024లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. తల్లి కడుపులో పడ్డప్పటి నుంచి రెండేళ్లు నిండే దాకా, అంటే సుమారు వెయ్యి రోజులు, రేషను కాలంలో గడిపినవాళ్లకు పెద్దయ్యాక మధుమేహం వచ్చే అవకాశం సుమారు 35 శాతం, రక్తపోటు వచ్చే అవకాశం సుమారు 20 శాతం తగ్గింది. మధుమేహం వచ్చినవాళ్లకు కూడా అది నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో బతుకుతున్నారని భారత వైద్య పరిశోధన మండలి 2023లో చెప్పింది. ఈ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూసిన తల్లి, రెండేళ్ల లోపు బిడ్డ పాలల్లో పంచదార కలపదు. అన్నప్రాశన నాడు నాలుకకు తగిలించే పరమాన్నం వేడుక. రోజూ పట్టే తీపి పాలు వేడుక కాదు.

తీపి ఎంత తిన్నామన్నదే కాదు, ఎప్పుడు తిన్నామన్నదీ ముఖ్యమే. స్వీడన్‌లోని లుండ్ పట్టణం దగ్గర వీపెహోమ్ అనే ఆసుపత్రిలో 1940లలో ఒక ప్రయోగం జరిగింది. మానసిక ఎదుగుదల లేని రోగులకు, కాదనడం తెలియని ఆ అభాగ్యులకు, పళ్లు ఎలా పుచ్చుతాయో చూడటానికి జిగురు మిఠాయిలు తినిపించారు. మనుషుల్ని అలా వాడుకోవడం క్షమించరాని పని. ఆ బాధితుల వల్ల లోకానికి తెలిసింది మాత్రం మరిచిపోకూడదు. భోజనంతో పాటు తిన్న తీపి పళ్లకు చేసిన చెరుపు తక్కువ. భోజనాల మధ్య మాటిమాటికీ తిన్న, పళ్లకు అతుక్కునే తీపి చేసిన చెరుపు చాలా ఎక్కువ. తీపి తిన్న ప్రతిసారీ నోట్లోని సూక్ష్మజీవులు ఆమ్లాన్ని తయారు చేస్తాయి. అది అరగంట దాకా పంటి పింగాణీని కొరుకుతుంది. ఒకేసారి నాలుగు జీళ్లు తింటే ఒక అరగంట. గంటకొకటి చప్పరిస్తే నాలుగు అరగంటలు. ఆ తర్వాత స్వీడన్‌లో పిల్లల మిఠాయిలకు శనివారం అనే ఆచారం పాతుకుపోయింది. అక్కడి పిల్లలు ఇప్పటికీ వారమంతా ఆగి, శనివారం నాడు కొట్టుకెళ్లి తమకు నచ్చినవి ఏరుకుంటారు. మన పండుగలు ఏడాదికి ఒకసారి చేసిన పనినే వాళ్లు వారానికి ఒకసారి చేసుకున్నారు.

అలాగని తీపిని పూర్తిగా బహిష్కరించినా పని జరగదు. అమెరికాలో జెన్నిఫర్ ఫిషర్, లియాన్ బర్చ్ 1999లో ప్రచురించిన పరిశోధనలో, పిల్లలకు కనిపించేలా పెట్టి తినొద్దన్న తినుబండారం మీదే వాళ్ల ధ్యాస పెరిగింది. బర్చ్ అంతకు ముందు చేసిన పరిశోధనల్లో ఇంకో సంగతి బయటపడింది. ఫలానాది తింటే బహుమతి ఇస్తామని ఆశ పెడితే, పిల్లలకు ఆ ఫలానాది మీదే ఇష్టం తగ్గింది. పప్పన్నం తింటే చాక్లెట్టు ఇస్తానని మనం రోజూ అంటుంటాం. ఆ మాటతో పప్పన్నాన్ని శిక్షగానూ చాక్లెట్టును వరంగానూ మనమే నిలబెడుతున్నాం.

రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు 2013లో ప్రచురించిన పరిశోధన నాకు చాలా ఇష్టం. ఒక మిఠాయి ముందు పెట్టి, మేం వచ్చేదాకా ఆగితే రెండోది ఇస్తామని పిల్లలకు చెప్పారు. అంతకు ముందే కొందరు పిల్లలకు మంచి రంగులు తెస్తామని మాటిచ్చి తెచ్చారు. కొందరికి మాటిచ్చి తప్పారు. మాట తప్పిన పెద్దవాళ్లను చూసిన పిల్లలు సగటున మూడు నిమిషాలు ఆగారు. మాట నిలబెట్టుకున్నవాళ్లను చూసిన పిల్లలు పన్నెండు నిమిషాలు ఆగారు. పిల్లల నిగ్రహంలో సగం పెద్దల మాట మీదే నిలబడుతుంది. దేవుడి తర్వాత వంతు తమదేనని నమ్మిన పిల్లలే అరిసె కోసం ఆగగలిగారు.

ప్రభుత్వాలు కూడా కొంత కదిలాయి. 2024లో కేంద్రం ఆన్‌లైన్ అమ్మకాల సైట్లకు, తియ్యటి పొడుల్ని ఆరోగ్య పానీయాల వరుసలో చూపవద్దని చెప్పింది. 2025 మేలో సీబీఎస్ఈ తన బడులన్నిటిలో చక్కెర బోర్డులు పెట్టమంది. ఏ తినుబండారంలో ఎంత చక్కెర ఉందో పిల్లలే చదువుకునేలా ఆ బోర్డులు ఉండాలి. రాష్ట్రాల బడుల్లోనూ, అంగన్‌వాడీల్లోనూ అలాంటి బోర్డు తెలుగులో ఉండాలని నేను కోరుకుంటున్నాను. ప్యాకెట్టు ముందు వైపున, పెద్ద అక్షరాలతో, చెంచాల లెక్కలో చక్కెర ఎంతో రాయాలని కూడా మనమందరం గట్టిగా అడగాలి.

ఇక మన ఇంట్లో మనం చేయగలిగింది చెప్పి ముగిస్తాను. ఇంటిల్లిపాదీ కూర్చుని తీపికి వారంలో ఒక రోజు ఎంచుకోండి. ఆ రోజు ఏం చేసుకోవాలో పిల్లల్నే చెప్పనివ్వండి. సున్నుండలో, కొబ్బరి లౌజో, నువ్వులుండలో, వాళ్ల చేతులతోనే చుట్టించండి. అన్నం తిన్నాక పెట్టండి, తృప్తిగా తిననివ్వండి, పక్కన నిలబడి లెక్కపెట్టకండి. మిగతా రోజుల్లో పాలు పాలుగానే, నీళ్లు నీళ్లుగానే ఉండనివ్వండి. పెద్దవాళ్లు తమ కాఫీ, టీలలో చక్కెర కొంచెం కొంచెంగా తగ్గించుకోండి. మోనెల్ కేంద్రంలోనే జరిగిన ఒక పరిశోధనలో, తక్కువ చక్కెరతో గడిపినవాళ్లకు మూడో నెలకల్లా అదే పుడ్డింగు మామూలుగా చక్కెర తిన్నవాళ్లకంటే ఎక్కువ తియ్యగా తోచింది. నాలుక తొందరగానే నేర్చుకుంటుంది. తాతయ్యలకూ అమ్మమ్మలకూ ఒక మనవి. ప్రేమను చాక్లెట్టు రూపంలోనే పంచనక్కర్లేదు, ఒక కథ చెప్పండి, ఒక సాయంత్రం చెరువు గట్టు దాకా నడిపించుకు వెళ్లండి. అన్నిటికంటే ముఖ్యం, ఫలానా రోజు తీపి చేస్తామని పిల్లలకు మాటిస్తే, ఆ రోజు ఎంత పని ఉన్నా, ఎంత అలసిపోయినా, తప్పకుండా చేసి పెట్టండి. ఆ మాట నిలిచిన ఇంట్లో పిల్లలు మిగతా ఆరు రోజులూ అడక్కుండా ఉండగలరు.